నూట ఇరవై ఏడు బెజ్జాలు

ఆ రోజుల్లో విలేకరి అంటే ఊళ్ళో ఒక హోదా అని మేమే అనుకునేవాళ్ళం. ఊరు కూడా అలా అనుకుంటోందో లేదో కనుక్కునే తీరిక మాకు ఉండేది కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. పెద్ద ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చేశాయని చెప్పుకుంటున్నా, తెనాలిలో నాబోటి చిన్న కంట్రిబ్యూటరు మాత్రం వార్తను కాగితం మీద రాసి, కవరులో పెట్టి, బస్సెక్కించాల్సిందే. పది లైన్లు రాస్తే నాలుగు వచ్చేవి. కింద పేరు ఉండదు. అయినా ఆ నాలుగు లైన్లున్న పేపరును వారం రోజులు సంచిలో వేసుకుని తిరిగేవాణ్ణి, దారిలో ఎవరైనా ‘ఏంటి విశేషాలు’ అంటే తీసి చూపించడానికి. ఇన్నేళ్ళు పత్రికల్లో పనిచేశాక వెనక్కి తిరిగి చూసుకుంటే, నా చేతుల మీదుగా జరిగిన కచ్చితమైన పని ఒక్కటే కనిపిస్తుంది. అది వార్త కాదు. ఒక ఇత్తడి రేకుకు వేసిన బెజ్జాలు. ఆ పని నా నెత్తిన పడటానికి కారణం కూడా అలాంటి నాలుగు లైన్లే.

అప్పట్లో ఒక దర్జీగారింట్లో మేడమీది గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆయన్ని బాబాయి అనీ, ఆయన భార్యను పిన్ని అనీ పిలిచేవాణ్ణి. (దిగిన మొదటిరోజు ‘ఏమండీ’ అని పిలిస్తే, ‘ఆ అండీలు మీ ఆఫీసులో పెట్టుకో నాయనా’ అంది ఆవిడ.) బాబాయి కొలతలు చెప్పడానికి తప్ప నోరు తెరిచేవాడు కాదు. ఆయన వాటా కూడా పిన్నే మాట్లాడేది. వాళ్ళకు ఒక్కతే కూతురు. నేను ఆ ఇంట్లో దిగేసరికే ఆ అమ్మాయిని బాపట్ల ఇచ్చారు. పుట్టింటికి వచ్చినప్పుడు రెండుసార్లు చూశాను, అన్నయ్యా అని పలకరించేది. వియ్యాలవారిని మాత్రం ఎప్పుడూ చూడలేదు. వియ్యంకుడిగారికి రైస్ మిల్లులతో వ్యవహారమనీ, మహా పట్టింపు మనిషనీ పిన్ని చెప్పేది. దాన్నిబట్టి కారు, చేతికర్ర, బంగారు బొత్తాలు ఉన్న ఒక పెద్దమనిషిని నేను మనసులో తయారుచేసి పెట్టుకున్నాను.

రంజాన్ నెల వస్తే ఆ ఇంటి అటక మీంచి సేమియా మిషను దిగేది. పిన్ని అత్తగారి కాలం నాటి ఇనప మిషను అది. దాన్ని మంచం పట్టెకు బిగించి, పైనున్న గొట్టంలో పిండిముద్ద పెట్టి పిడి తిప్పితే, కింద నోటికి బిగించిన ఇత్తడి బిళ్ళ బెజ్జాల్లోంచి సన్నటి దారాలు దిగేవి. వీధిలో ఆడవాళ్ళంతా ఉపవాసాలతోనే వంతులవారీగా వచ్చి తిప్పుకునేవారు. పెరట్లో తాళ్ళ మీద సేమియా ఆరుతుంటే, తెల్ల జుట్టు ముసలమ్మలు వరసగా నిలబడి తల ఆరబెట్టుకుంటున్నట్టుండేది. ఆ ఏడాది హడావుడి మరీ ఎక్కువ. పిల్లకు పెళ్ళయ్యాక వచ్చిన మొదటి పండగ. పుట్టింట్లో చేత్తో తిప్పిన సేమియా పండగ ముందే అత్తారింటికి వెళ్ళాలి. పండగ మర్నాడు వాళ్ళంతా వచ్చి ఇక్కడ ఆ సేమియాతో పాలల్లో కాచిన షీర్ ఖుర్మా తాగాలి. అది వాళ్ళ ఇళ్ళల్లో వాడుక. కొట్లో పొట్లం కొని పంపితే బాపట్లవాళ్ళు తన కూతుర్ని ఏడాదంతా దెప్పుతారని పిన్ని భయం.

ఈ తతంగమంతా చూసి నాలోని విలేకరి మేలుకున్నాడు. సేమియా మీద ప్రత్యేక కథనం రాస్తాననీ, బిళ్ళను దగ్గర్నుంచి ఫొటో తీయించాలనీ అన్నాను. రేపల్లెలో నా స్నేహితుడికి స్టూడియో ఉంది. చిన్న వస్తువుల్ని పెద్దగా తీసే లెన్సు ఆ చుట్టుపక్కల తన దగ్గరే ఉందని వాడే చెప్పాడు. పిన్ని చాలాసేపు తటపటాయించి, బిళ్ళను మిషనులోంచి తీసి, కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

“మా అత్తగారి చేతి వస్తువబ్బాయ్. ఇది పోతే మాత్రం నువ్వు నాకు దొరక్కు” అంది.

ఫొటో బాగానే తీశాడు. తిరుగు ప్రయాణంలో రేపల్లె పాసింజరులో కిటికీ పక్కన కూర్చున్నాను. బిళ్ళ నా ఒళ్ళో పేపరు పొట్లంలో ఉంది. ఎదురుగా ఉన్న పెద్దాయన ఆ పొట్లం కేసి చూసి, పేపరు ఈరోజుదేనా అన్నాడు. మొన్నటిదేననీ, కాకపోతే అందులో ఒక మంచి వార్త ఉందనీ చెప్పాను. (అది నాదే. కాలువకు అడ్డం పడ్డ తూటికాడ మొక్కల్ని తొలగించారని నాలుగు లైన్లు.) చూపించే అవకాశం దానంతటదే వస్తే వదులుకునేంత గొప్పవాణ్ణి కాదు. పొట్లం విప్పి, బిళ్ళను పక్కనే ఉన్న ఎండురొయ్యల బుట్ట మీది గోనెపట్టా మీద పెట్టి, పేపరు సాపుచేసి ఆయనకిచ్చి, వేలితో చోటు కూడా చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

“ఎక్కడ తీశారు బాబూ? ఇందాక నేను ఆ కాలువ దాటే వచ్చా. తూటికాడ అక్కడే ఉంది” అన్నాడు.

దాంతో నా వార్తను సమర్థించుకునే పనిలో పడ్డాను. అధికారులు ఏం చెప్పారో, నేనేం రాశానో, డెస్కులో ఏం కోసేశారో వివరిస్తూ ఉండగా వేమూరు వచ్చింది. బుట్ట తాలూకు ఆవిడ లేచి, కాస్త చెయ్యెయ్యి బాబూ అంది. మాట ఆపకుండానే బుట్ట ఎత్తి ఆవిడ తలమీద పెట్టాను. బిళ్ళ గోనె మడతల్లోకి ఎప్పుడు జారిందో తెలియదు. తెనాలి ప్లాట్‌ఫారం మీద దిగి చూసుకుంటే నా చేతిలో పేపరు ఒక్కటే ఉంది. మర్నాడు వేమూరు వెళ్ళి వీధి వీధీ తిరిగాను. ఎండురొయ్యలమ్మే ఆడవాళ్ళు నలుగురు దొరికారు గానీ, ఆవిడ దొరకలేదు.

పిన్ని అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఖాళీగా ఉన్న మిషను గుండ్రటి నోటి వంక చూస్తూ కూర్చుంది. రెండురోజుల తర్వాత రేపల్లె నుంచి ఫొటో వచ్చింది. అరచేయంత ఫొటోలో బిళ్ళ ఒక్కో బెజ్జంతో సహా మెరిసిపోతోంది.

“పేపర్లో వేయించు. కనబడుటలేదు అని” అంది పిన్ని.

తెనాలి బజారులో ఇనప సామాన్ల కొట్లన్నీ తిరిగాను. కొత్త మిషన్ల బిళ్ళలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆ పాత మిషను నోరు ఎవరి కొలతకూ లొంగలేదు. పండగ ఇంకా పన్నెండు రోజులుంది. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. ఫొటో ఉంది, కొలత ఉంది, రేకుకు చిల్లులు పెట్టడం ఎంతపని? మేడమీద బిస్కెట్ల డబ్బా మూత తీసి, గుండ్రంగా కత్తిరించి, సన్నమేకు, సుత్తి పట్టుకుని కూర్చున్నాను. గంటలో వందకు పైగా చిల్లులు పొడిచాను. పై నుంచి చూస్తే బాగానే ఉంది. వెనక్కి తిప్పితే కొబ్బరి తురుముపీట. ప్రతి చిల్లు చుట్టూ రేకు చిరిగి పళ్ళలా లేచింది. పిన్ని దాన్ని వేలితో తడిమి, సేమియా మాటెలా ఉన్నా స్నానానికెళ్ళినప్పుడు మడమలు రుద్దుకోడానికి పనికొస్తుందని చెప్పి పక్కన పెట్టేసింది.

రెండో ప్రయత్నం పత్రికా రంగంలో ఉన్నవాడికి తప్ప ఇంకెవరికీ తట్టదు. పేపరు అచ్చయ్యాక ప్రెస్సులో పారేసే పల్చటి అల్యూమినియం రేకులుంటాయి. పేజీ పేజీకి ఒక రేకు. తెలిసినతన్ని అడిగి ఒకటి తెచ్చాను. కత్తెరతో కాగితంలా తెగింది. దబ్బనంతో పొడిస్తే మెత్తగా దిగింది. పళ్ళు లేస్తే గరుకు కాగితం పెట్టి రుద్దాను. మిషనుకు బిగించి, పిండి పెట్టి, నేనే పిడి తిప్పాను. మొదట రెండు నిమిషాలు ఏమీ రాలేదు. తర్వాత రేకు పూరీలా ఉబ్బింది. ఆ తర్వాత నాలుగు బెజ్జాలు కలిసి ఒకటై, అందులోంచి జంతిక లావున ఒక తాడు దిగింది. దాని ఒంటి నిండా నల్లటి మరకలు. కిరసనాయిలు పెట్టి తుడిచినా సిరా పూర్తిగా పోలేదన్నమాట. పిన్ని ఆ తాడును పైకెత్తి పట్టుకుని వీధి ఆడవాళ్ళకు చూపించింది.

“చూడండమ్మా, మా అబ్బాయి పేపరు సేమియాకి కూడా అంటుకుంది” అంది. ఆ నవ్వులకు నేను మేడెక్కిపోయాను. కాసేపటికి దిగి వచ్చి చూస్తే, పిన్ని ఒక్కతే కూర్చుని, కళ్ళు తుడుచుకుంటోంది. నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు కావవి.

మర్నాడు ఇనప సామాన్ల కొట్టతను నామీద జాలిపడి ఒక దారి చెప్పాడు. బాపట్లలో రైలు గేటు దగ్గర ఒక మేస్త్రి ఉన్నాడట. రైస్ మిల్లులకు రేకు జల్లెడలు ఇంటి దగ్గరే చేస్తాడట. బెజ్జం పనిలో ఈ చుట్టుపక్కల అలాంటి చెయ్యి లేదట. వార్త పనిమీద వెళ్తున్నానని పిన్నికి అబద్ధం చెప్పి, ఫొటో జేబులో పెట్టుకుని, మిషను నోటి కొలత కాగితం మీద గీసుకుని రైలెక్కాను.

మేస్త్రి వసారాలో గోనెపట్టా మీద కూర్చుని ఉన్నాడు. బక్కపల్చటి మనిషి. నెరిసిన గడ్డం, దారంతో చెవులకు కట్టుకున్న కళ్ళజోడు, చుట్టూ రేకులు. వార్త చెప్పడం మొదలుపెడితే ఎవరు, ఎక్కడ, ఎందుకు, ఎలా అన్నీ చెప్పాకే ఆపాలని మాకు నేర్పారు కదా. అన్నీ చెప్పాను. తెనాలి, దర్జీ ఇల్లు, అత్తగారి బిళ్ళ, రొయ్యల బుట్ట, కూతురికి మొదటి పండగ, ఏదీ వదల్లేదు. ఆయన చేస్తున్న పని ఆపి, నా వైపు తిరిగి శ్రద్ధగా వినడం మొదలుపెట్టేసరికి ఉత్సాహం వచ్చి, ఇంకాస్త చెప్పాను.

“ఆ వియ్యాలవారు మహా పట్టింపు మనుషులట అండి. పెళ్ళిలో బిర్యానీ వడ్డిస్తుంటే ముక్కలు లెక్కపెట్టారట.”

“అందరూ లెక్కపెట్టారా?”

“లేదండి. ఆ పెద్దాయన ఒక్కడేనట.”

ఆయన తలొంచుకుని చేతిలో రేకును అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఎన్నున్నాయట?” అన్నాడు.

అది పిన్ని చెప్పలేదండి అన్నాను. ఆయన తలూపి, లోపలికి తిరిగి, తెనాలి నుంచి ఒకాయన వచ్చాడు, ఒక టీ పెట్టమ్మా అని కేకేశాడు. కాసేపటికి టీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చిన అమ్మాయి నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“అన్నయ్యా, నువ్వేంటి ఇక్కడ?” అంది. తర్వాత ఆయన కేసి తిరిగి, “మామయ్యా, ఈయన మా మేడమీద...” అని మొదలుపెట్టింది.

“తెలుసమ్మా. అన్నీ చెప్పాడు. నేను ముక్కలు లెక్కపెట్టిన సంగతి కూడా చెప్పాడు.”

ఆ అమ్మాయి టీ గ్లాసు నా చేతిలో పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. నా మనసులో ఉన్న కారు, చేతికర్ర, బంగారు బొత్తాలు ఒక్కసారిగా కూలిపోయాయి. ఏం చెయ్యాలో తోచక టీ తాగడం మొదలుపెట్టాను. సగం తాగాక గుర్తొచ్చింది, ఎదురుగా ఉన్న మనిషి ఉపవాసంతో ఉన్నాడని. గ్లాసు కింద పెట్టబోయాను.

“తాగు బాబూ. అంతసేపు మాట్లాడావు, గొంతెండిపోయి ఉంటుంది” అన్నాడు ఆయన. చేతిలో రేకు పక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పాడు. “ఆ రోజు లెక్కపెట్టిన మాట నిజమే. ముక్కలు కాదు, మనుషుల్ని. చెప్పినదానికంటే మావాళ్ళు ఎక్కువమంది దిగారు. ఆడపెళ్ళివాళ్ళకి చివరికి తిండి మిగలదేమోనని.”

నేను లేచి నిలబడి క్షమించమన్నాను. కూర్చోమన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. వాళ్ళమ్మ పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో సేమియా తిప్పడమే లేదట. ఏటా కొట్లో పొట్లమేనట. తెనాలి నుంచి చేత్తో తిప్పింది వస్తుందంటే, దానికి దీటుగా తాము ఏం పంపాలా అని వాళ్ళావిడకు నాలుగు రోజులుగా నిద్ర లేదట. పిన్ని తెనాలిలో బాపట్లను చూసి భయపడుతుంటే, బాపట్ల తెనాలిని చూసి భయపడుతోంది.

ఆయన లోపల్నుంచి ఒక ఇత్తడి రేకు ముక్క తెచ్చాడు. పల్చటిదే గానీ, వంచితే వెంటనే వెనక్కి వచ్చే రకం. తాను చేస్తే గంటలో అయిపోతుందనీ, కానీ పోగొట్టింది నేను కాబట్టి నేనే చెయ్యాలనీ అన్నాడు. మొదట ఫొటోలో బెజ్జాలు లెక్కపెట్టించాడు. మధ్యలో ఒకటి, దాని చుట్టూ ఆరు, వాటి చుట్టూ పన్నెండు, అలా ఆరు వరసలు. మొత్తం నూట ఇరవై ఏడు. కాగితం మీద స్కేలు పెట్టి చుక్కలు గీయించాడు. ఆ కాగితాన్ని మైదా జిగురుతో రేకుకు అంటించి, ప్రతి చుక్క మీదా మొన ఉన్న పనిముట్టు నిలబెట్టి, సుత్తితో ఒక్క చిన్న దెబ్బ వేయించాడు. అలా గుంట పడితే డ్రిల్లు మొన పక్కకు జారదు. ఆ తర్వాత అసలు కిటుకు. రేకును విడిగా పట్టుకోకూడదు. రెండు చెక్కముక్కల మధ్య పెట్టి గట్టిగా బిగించాలి. పై చెక్కకు మధ్యలో చుక్కలు కనిపించేంత ఖాళీ ఉంటుంది, కింది చెక్క నిండుగా ఉంటుంది.

“మేకుతో పొడిస్తే రేకు చిరుగుతుంది. తొలిస్తే తెగుతుంది. కింద చెక్క ఆనుకుని ఉంటే చిరిగే సందే దొరకదు దానికి. నీ బిస్కెట్ డబ్బాకి కింద ఏం పెట్టావు?”

“నా మోకాలండి.”

ఆయన చాలాసేపు నవ్వాడు. మధ్య బెజ్జమూ, దాని చుట్టూ ఆరూ తను వేసి చూపించి, చేత్తో తిప్పే డ్రిల్లు నాకిచ్చాడు. మొదటి నాలుగు బెజ్జాలకే నా నుదుట చెమట పట్టింది. తొందరపడితే రేకు కీచుమనేది. కీచుమన్నప్పుడల్లా ఆయన పని ఆపకుండానే, నిదానం, అది వార్త కాదు అనేవాడు. బెజ్జం పడ్డాక ఇంకాస్త లావు మొనను వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ రెండు చుట్లు తిప్పితే, అంచున లేచిన గరుకు పోయి నున్నగా వచ్చేది. అలా నూట ఇరవై సార్లు. మసీదులో సైరను మోగి ఆయన ఖర్జూరంతో ఉపవాసం విడిచి, నాకూ ఒకటి పెట్టే సమయానికి ఆఖరి వరసలో ఉన్నాను. అంతా అయ్యాక, పిండి తోసినప్పుడు ఉబ్బకుండా వెనకవైపు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి సన్న పట్టీలు ఆయనే అతికాడు. బల్బు కేసి ఎత్తి చూపించాడు. నా ముఖం మీద చుక్కలు చుక్కలుగా వెలుతురు పడింది.

“ఈ సంగతి మీ పిన్నికి తెలియనివ్వకు. పాపం, చిన్నబుచ్చుకుంటుంది” అన్నాడు గుమ్మం దాకా వచ్చి.

తెలియనివ్వలేదు. ఒక స్నేహితుడి దగ్గర రేకు తీసుకుని నేనే చేశానని చెప్పాను. పిన్ని బిళ్ళను ముందూ వెనకా తడిమి చూసి, ఏమీ అడక్కుండా మిషనుకు బిగించింది. పిడి తిప్పగానే నూట ఇరవై ఏడు దారాలు ఒక్కటీ తెగకుండా జారాయి. వీధి ఆడవాళ్ళు పనులు మానుకుని వచ్చి చూశారు. ఆ రెండురోజులూ పిడి తిప్పే పని నాకే అప్పగించారు. (విలేకరి చేత సేమియా తిప్పించారన్న వార్త రాయడానికి ఇంకో విలేకరి లేకపోవడం నా అదృష్టం.) పెరట్లో తాళ్ళు చాలక మేడమీద నా బట్టలు తీసేసి అక్కడా ఆరేశారు. గంప నిండా సేమియా బాపట్ల వెళ్ళింది.

పండగ మర్నాడు వియ్యాలవారు దిగారు. వియ్యంకుడిగారు తెల్ల బట్టల్లో, కొత్త టోపీతో వచ్చాడు. పిన్ని మమ్మల్ని పరిచయం చేసింది. ఆయన నన్ను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు, ఏం చేస్తుంటావు బాబూ అని అడిగాడు. పేపర్లో పనండి అన్నాను ముఖం బిగించుకుని. ఆ అమ్మాయి వంటింట్లోకి వెళ్ళిపోయింది. షీర్ ఖుర్మా గిన్నెలు వచ్చాయి. ఆయన ఒక చెంచా నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, తెరిచాడు.

“ఇంత సన్నటి సేమియా ఈమధ్య తినలేదమ్మా” అన్నాడు.

“మా అత్తగారి నాటి బిళ్ళ అన్నయ్యగారూ” అంది పిన్ని, కొంగు సర్దుకుంటూ.

“అదే అనుకున్నా. పాతకాలం చెయ్యి. ఇప్పటివాళ్ళ వల్ల ఎక్కడవుతుంది ఇలాంటి పని” అని ఆయన నావైపు చూసి, “ఏం బాబూ?” అన్నాడు.

అవునండి అన్నాను. నవ్వాపుకోవడానికి గిన్నెలో ఉన్నదంతా ఒక్క గుక్కలో తాగాను. ఒక ఇంటి మర్యాద మొత్తం నా ఒక్కడి మౌనం మీద నిలబడి ఉందనిపించి, ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

సాయంత్రం వాళ్ళు రైలెక్కాక పిన్ని మిషను విప్పి కడుగుతూ నన్ను పిలిచింది. బిళ్ళను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

“చివరి వరసలో ఈ రెండూ కాస్త వంకరగా పోయాయి. ఇవి అన్నయ్యగారివి అయ్యుండవు” అంది.

ఎలా తెలిసిందని అడిగాను. ఆ రోజు బాపట్లలో నువ్వు తిరుగు రైలెక్కే లోపలే అమ్మాయి మన పక్కింటి ఫోనుకు చేసిందని చెప్పింది పిన్ని. ముక్కల సంగతి చెప్పినందుకు మాత్రం నాకు ఇంకా రెండు గిన్నెలు శిక్ష ఉందంటూ గరిటె అందుకుంది. పొట్లాల సేమియా సంగతి తెలిశాక తనకు ఎంత హాయిగా నిద్రపట్టిందో కూడా చెప్పింది. తనకు తెలుసన్న మాట వియ్యంకుడిగారికీ తెలుసట. అమ్మాయే చెప్పిందట. బాబాయి సంగతేమిటని అడిగాను. బిళ్ళ ఇంటికొచ్చిన రోజే ఆయన చూసి, ఇది పాతదానికంటే గీత వాసి పెద్దదని చెప్పాడట. ఆ నెలలో ఆయన మాట్లాడింది అదొక్కటేనట.

ఇప్పుడు అప్పుడప్పుడూ, చేతిలో పనేమీ లేనప్పుడు, ఆ మధ్యాహ్నం కళ్ళముందుకొస్తుంది. కొత్త చొక్కా వేసుకుని, గిన్నె పట్టుకుని, రహస్యం కాపాడుతున్న గర్వంతో నిటారుగా కూర్చున్న ఆ పాతికేళ్ళవాణ్ణి చూస్తే ముద్దొస్తాడు, కాస్త జాలీ వేస్తుంది. ఆ గదిలో అందరికీ అన్నీ తెలుసు. ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటూ, హాయిగా సేమియా తాగుతున్నారు. అక్కడ ఏం జరుగుతోందో తెలియని మనిషి ఒక్కడే ఉన్నాడు. ఊళ్ళో వార్తలన్నీ అందరికంటే ముందు తెలుస్తాయని పేరున్నవాడు.